బోరుకొచ్చిన బండి

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను మిర్యాలగూడలో, నేను పనిచేసే రైస్‌మిల్లు గేటు దగ్గర వడ్ల లారీని లోపలికి పంపిస్తున్నాను. "తమ్మీ, ఇగ రా" అన్నది, అంతే. ఆ మాత్రానికే అర్థమైంది. లారీ డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. నిజం చెప్పాలంటే మొదట ఏడుపు రాలేదు, అలసట వచ్చింది. ఆయన్ను డయాలసిస్ కోసం కోదాడ నుంచి సూర్యాపేట దవాఖానకు ఇన్నాళ్లూ తిప్పింది నేనే. ఆ తిరుగుడంతా ఒక్కసారిగా కాళ్లలోకి దిగింది. అక్కడే ఒక బస్తా మీద కూలబడ్డాను.

బావకు కోదాడలో ఎరువుల దుకాణం. ఏ సంగతీ తొందరగా తేల్చే మనిషి కాదు. చొక్కాగుడ్డ కొనడానికి పోతే తానును దుకాణం బయటికి పట్టుకొచ్చి ఎండలో చూసేవాడు, మళ్లీ లోపలికి పోయి నీడలో చూసేవాడు, చివరికి "రేపొస్తం" అనేవాడు. అలాంటి మనిషికి కారు పిచ్చి ఎక్కడ అంటుకుందో తెలియదు. పాత బండే, కానీ ఒకప్పుడు రేసుల్లో ఉరికిన టర్బో బండి. స్టీరింగు ముందు కూర్చుంటే ఆయన నిదానమంతా గాలికి పోయేది. పక్క సీట్లో అక్క కొంగు నోట్లో కుక్కుకుని కళ్లు మూసుకునేది. బండి ఆగాక "వచ్చినమా?" అంటూ తెరిచేది. పెళ్లయిన కొత్తలో వేసిన ఆ ప్రశ్నే చివరిదాకా వేసింది.

ఆ బండి వానాకాలంలో దెబ్బతిన్నది. కోదాడ పక్కనున్న అనంతగిరి దిక్కు నుంచి వస్తుంటే వాగు రోడ్డెక్కింది. ముందు ఒక వ్యాను దాటిందని ఈయనా దిగాడు. నడుమ నీళ్లలో ఇంజన్ ఆగిపోయింది. పొలాల్లో ఉన్నవాళ్లు పాపం ట్రాక్టరు తెచ్చి ఒడ్డుకు లాగారు. లాగినవాళ్లు ఊరుకోరు కదా, "సెల్ఫ్ కొట్టు అన్నా, ఇంకోపారి కొట్టు, లేస్తది" అన్నారు. ఈయన కొట్టాడు. లోపల నీళ్లు నిండి ఉన్నాయి. రాడ్ వంగింది, పిస్టన్ పక్కకు ఒరిగి సిలిండర్ గోడను గీరేసింది.

"ఆగిందాన్ని ఆగినట్టే తెస్తే నీళ్లు తీసి ఇచ్చేటోణ్ని గదన్నా" అని సూర్యాపేట షెడ్డులో మెకానిక్ ఉస్తాద్ తల పట్టుకున్నాడు.

"నాకెర్కలేదా ఉస్తాద్? గంత కష్టపడి గుంజిన్రు, మాట తీసేస్తే ఏమనుకుంటరని కొట్టిన" అన్నాడు బావ.

మొహమాటానికి ఇంజన్ పోగొట్టుకున్నవాణ్ని నేను ఈయన్నొక్కణ్నే చూశాను.

సిలిండర్లు గీరుకుపోతే వాటిని కాస్త వెడల్పుగా తొలిపించి పెద్ద సైజు పిస్టన్లు వేయాలి. దాన్నే మెకానిక్కులు ఇంజన్ బోరుకొచ్చింది అంటారు. నిడమనూరులో ఉండే వాళ్లమ్మకు బావ ఫోన్‌లో అదే మాట చెప్పాడు, బోరు చేపియ్యాలమ్మా అని. ఆమెకు తెలిసిన బోరు ఒక్కటే. తెల్లారేసరికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే మనిషిని పిలిపించి, కొడుకు పొలంలో తిప్పి, జాగా కూడా గుర్తు పెట్టించింది. తర్వాత ఫోన్ చేసి "నీళ్లు పడ్తయట బిడ్డా" అన్నది.

"నీళ్లు పడబట్టే బోరుకొచ్చిందమ్మా" అన్నాడు బావ. దవాఖాన మంచం మీద పడుకుని అంతగా నవ్వడం అప్పుడే చూశాను. నర్సు వచ్చి కసిరింది.

ఇక అసలు పంచాయితీ మొదలైంది. బండిని ఎప్పటిలా బాగుచేయించాలా, లేక ఇంజన్ ఎలాగూ విప్పారు కాబట్టి గట్టి పిస్టన్లు, పెద్ద టర్బో వేయించి ఇంకా జోరుగా తయారు చేయించాలా? బావకు రెండోదాని మీదే మనసు. కానీ ఒక్క పిస్టన్లతో పోదు. వాటి బలానికి క్లచ్ ఆగదు, క్లచ్ మారిస్తే గేర్‌బాక్స్ ఆగదు, అంతా అయ్యాక బ్రేకులు చాలవు. "బలం ఏడ వెడితే దాని పక్కది ఇరుగుతది బామ్మర్దీ" అనేవాడు. ఇప్పుడు నేను మిల్లులో రోజూ ఆ మాటే వాడుతున్నాను. నాది కాదని ఎవరికీ చెప్పడం లేదు.

డయాలసిస్ అయ్యాక మనిషి పిండిన గుడ్డలా ఉండేవాడు. నాకేమో ఎప్పుడు ఇల్లు చేరతామా అని ఉండేది. ఆయన మాత్రం "జర షెడ్డుకాడ ఆపు" అనేవాడు. అక్కడ స్టూలు మీద కూర్చుని, విప్పిన ఇంజన్ వైపు చూస్తూ, పోయినసారి ఆపిన దగ్గర నుంచి వాదన ఎత్తుకునేవాడు. ఆయన ముఖంలోకి రంగు వచ్చేది. పరామర్శకు వచ్చిన చుట్టాలు మాత్రం "మనిషి గూడ ఇంజనే గదా బావా" అని వేదాంతం చెప్పేవారు. వాళ్లు పోయాక "నాకు స్పేరు పార్టులు దొరకయని గింత మర్యాదగ సెప్పిపోయిన్రు" అనేవాడు.

చివరిసారి షెడ్డుకు పోయినప్పుడు, దవాఖానకు తిప్పే కిరాయి కారులోంచి దిగలేకపోయాడు. ఉస్తాదే కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏం జేద్దమన్నా? ఒక మాట సెప్పు."

"సూద్దాం తియ్ ఉస్తాద్. మళ్లొచ్చినప్పుడు సెప్త."

నాకు విసుగొచ్చింది, ఇంకెన్నాళ్లు నానుస్తాడని. ఆయన పోయాకే తెలిసింది. మాట చెప్పేస్తే మళ్లీ రావడానికి పని ఉండదు. అందుకే చెప్పలేదు. ఇది తెలిసినప్పుడు ఏడ్చాను, మిల్లులో అందరూ చూస్తుండగానే.

దినాలయ్యాక అక్కను తీసుకుని షెడ్డుకు పోయాను. నేను ముందే అనుకుని పోయాను: బావ కోరిక ప్రకారం పెద్ద టర్బోనే వేయించాలి, ఆయన పేరు మీద ఆ బండి ఉరకాలి. అదే మాట అక్కతో అన్నాను.

"గది కోరిక గాదు తమ్మీ, ముచ్చట" అన్నది అక్క.

మా దిక్కు ముచ్చటంటే మాట్లాడుకోవడమూ అవుతుంది, మనసు పడటమూ అవుతుంది. ఆమె దేన్ని అన్నదో నేను అడగలేదు. ఆమె ఉస్తాద్ వైపు తిరిగింది.

"ఎప్పటి లెక్కనే జెయ్యి అన్నా. ఆయన లేనంక గా స్పీడు ఎవలికి?"

ఉస్తాద్ బావ కూర్చునే స్టూలు తీసి గోడవారగా పెట్టాడు.

బండి తయారైన రోజు నేనే నడిపాను. కొత్తగా బోరు చేసిన ఇంజన్‌ను మొదట్లో తొందరపెట్టకూడదు, పిస్టన్లు కుదురుకునేదాకా మెల్లగా పోవాలి. సూర్యాపేట దాటి కోదాడ రోడ్డెక్కాక లారీలు, బస్సులు, చివరికి ఆటోలు కూడా మమ్మల్ని దాటుకుంటూ పోయాయి. బావ బండి అంత మెల్లగా పోవడం ఆ రోడ్డు ఎన్నడూ చూసి ఉండదు. నాకు సిగ్గుగానే ఉంది. అక్క ఎప్పటిలా పక్క సీట్లో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఏడుస్తున్నదేమోనని నేను అటు చూడలేదు.

చాలా దూరం పోయాక కొంగు తీసి బయటికి చూసింది.

"తమ్మీ, ఈ తొవ్వ పొంటి గిన్ని తాటిచెట్లున్నయా?"

అద్దం దించి, తల బయటికి పెట్టి, ఒక్కొక్క చెట్టునూ చూస్తూ కూర్చుంది. వెనక నుంచి వడ్ల ట్రాక్టరు ఒకటి హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోయింది.