ముందే టైపు చేసిన ప్రజాభిప్రాయం

ప్రజాభిప్రాయం అనే మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. దాన్ని టైపు చేసిన చేతులు నావే మరి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను విజయవాడలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాని. భవానీపురంలో పాత క్వార్టర్ల స్థలాన్ని పర్యావరణహితంగా తీర్చిదిద్దాలని పైనుంచి ప్లాను వచ్చింది. ఇంకుడుగుంతలు, పచ్చిక, నడిచే దారి, చుట్టూ ఇనుప కంచె. కాగితం మీద ముచ్చటగానే ఉంది. కానీ ఆ గేటు పక్క నీడలో, క్వార్టర్ల కుళాయి దగ్గర, ఒకావిడ ఏళ్ళ తరబడి చేపలు అమ్ముకుంటోంది. ప్లానులో ఆవిడకి చోటు లేదు.

జనం మాట వినాలని రూలు. సోమవారం సభ అయితే, మా ఆఫీసరు శనివారమే నాచేత మినిట్స్ టైపు చేయించాడు. ప్రజలు హర్షం వ్యక్తం చేశారట, అభ్యంతరాలేమీ లేవట!

"మరి సోమవారం ఎవరైనా కాదంటేనండీ?" అన్నాను.

"అననీవయ్యా, ఎవరొద్దన్నారు? నువ్వు ప్యాడ్ పట్టుకుని రాస్తున్నట్టు కూర్చో. రాయకపోతే గొడవ చేస్తారు."

కూర్చున్నాను. షామియానా కింద కాలనీ పెద్దమనుషులు ఒక్కొక్కరే లేచి, "ఆ నీచు కంపు వదిలితే అంతే చాలండీ" అన్నారు. నిన్నటిదాకా ఆవిడ దగ్గర గీచి గీచి బేరమాడినవాళ్ళే! ఆవిడకి మైకు ఇవ్వలేదు. తిన్నగా నా బల్ల దగ్గరికే వచ్చింది.

"రాసుకోండి బాబుగారూ. పార్కు కట్టుకోండి, మంచిదే. గేటు పక్కన నాకు రెండు బుట్టలు పట్టే చోటు వదలండి. కుళాయి తియ్యొద్దు. ఎండలో పెడితే మధ్యాహ్నానికే చేప పాడైపోద్ది. రాశారా?"

నా కలం ఊరికే గీతలు గీస్తోంది. నేను అందుకోలేకపోతున్నాననుకుందేమో, పాపం, ఒక్కో మాటా ఆపి ఆపి మళ్ళీ చెప్పింది. "రాశానమ్మా" అన్నాను. ఛీ, ఏం బతుకు!

కంచె వచ్చింది. కుళాయి పీకేశారు. ఆవిడ రోడ్డు అవతల ఎండలోకి మారింది. వేసవిలో ఒకరోజు తల వంచుకుని పోతుంటే కేకేసి పిలిచింది. బుట్టలో సగం చేపలు మెత్తబడి ఉన్నాయి. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"నా మాటలు రాసినందుకు ఆఫీసులో మిమ్మల్నేమన్నా అన్నారా బాబూ?"

"లేదమ్మా, ఎవరూ ఏమీ అనలేదు" అన్నాను.