మధుకర్ సారు ఎర్ర పెన్ను

బోధన్‌లో మధుకర్ సారుకు ఉన్న పేరంతా ఒక చిన్న గుర్తు మీద నిలబడింది. ఇంగ్లిష్‌లో ‘ఫలానా వాళ్లది’ అని చెప్పడానికి ఎస్ పక్కన, మాటలు కుదించినప్పుడు ఎగిరిపోయిన అక్షరం చోట పెట్టే అపాస్ట్రఫీ. ఒకరిదైతే ఎస్ ముందు, పలువురిదైతే ఎస్ తర్వాత. ఇది ఆయనకు తప్పు లేకుండా వచ్చు. ఇంకేం వచ్చో ఎవరూ చూడలేదు. ప్రైవేటు బడిలో ఇరవై ఏళ్లు గైడు చూసి పాఠం చెప్పాడు. మానేశాక ఇంటి ముందు గదిలో ట్యూషన్ పెట్టాడు.

మిఠాయి దుకాణం బోర్డు మీద గుర్తు తప్పుందని యజమానిని గిరాకీల ముందే నిలదీస్తాడు. ఆ తప్పు వల్ల ఒక్క జిలేబీ మిగిలిపోయిన దాఖలా లేదు. అయినా జనానికి ఆయనంటే భయం. గుర్తు తప్పితే ఆఫీసర్లు కాగితం చెత్తబుట్టలో వేస్తారని ఆయనే నూరిపోశాడు. అందుకే ఆ గల్లీలో ఎవరు ఇంగ్లిష్‌లో దరఖాస్తు రాసినా ముందు ఆయన బల్ల మీదికి వస్తుంది. ఆయన ఎర్ర పెన్నుతో దిద్దుతాడు. రాసినవాళ్లు మొత్తం మళ్లీ చేత్తో రాసి తేవాలి.

కావ్య కూడా అట్లాగే వచ్చింది. బీడీలు చుట్టే రేణుకమ్మ కూతురు, డిగ్రీ చదివింది. నిజామాబాద్‌లో ఒక విత్తనాల కంపెనీకి కంప్యూటర్ ఆపరేటర్ కావాలి. దరఖాస్తు శుక్రవారం ఐదులోగా స్వయంగా ఇవ్వాలి. ఆ కొలువు రాకపోతే తనూ తల్లి పక్కన బీడీల చాట ముందేసుకుని కూర్చోవడమే.

మంగళవారం సారు ‘తల్లిదండ్రుల’ దగ్గర గుర్తును ఎస్ తర్వాతికి జరిపాడు. బుధవారం, కుదించిన మాటలు దరఖాస్తులో పనికిరావని రెండు కొట్టేశాడు. గురువారం, కంపెనీని ‘దాని’ అన్నచోట గుర్తే ఉండకూడదన్నాడు. మూడుసార్లూ ఆయన చెప్పింది నిజమే. మూడూ ఒకేసారి చెబితే ఆ పిల్ల మూడు రోజులు వాకిట్లో నిలబడదు కదా. గురువారం సాయంత్రం మళ్లీ రాసి తెస్తే, చివరిసారి చూస్తానని కాగితం సొరుగులో పెట్టుకున్నాడు.

శుక్రవారం ఆమె వచ్చేసరికి ఇంటికి తాళం. సారు జక్రాన్‌పల్లిలో ఎవరో చేస్తున్న సన్మానానికి పోయాడు. కావ్య ఫోన్ చేసింది.

“సార్, ఇయ్యాల ఐదు దాంకనే టైం. నా కాగితం లోపలున్నది.”

“నేనొచ్చినంక సూస్త బిడ్డా. తప్పుల కాగితం ఇచ్చి నా ఇజ్జత్ తియ్యకు.”

“ఇజ్జత్ ముచ్చట ఐదు దాటినంక మాట్లాడుదాం సార్” అని పెట్టేసింది.

బస్టాండు బెంచీ మీద కూర్చుని మొత్తం మళ్లీ రాసింది. రెండు చోట్ల అనుమానమొచ్చి గుర్తు పెట్టకుండానే వదిలేసింది. ఐదులోపే అందిన ఆ దరఖాస్తులో కంపెనీ మేనేజర్ పేరు, ఫోన్ నంబర్ మాత్రమే చూశాడు. పది నిమిషాలు టైపు చేయించి, సోమవారం వచ్చి చేరమన్నాడు.

నెల తిరగకముందే సారు ఇంటికి కొత్త ఫ్లెక్సీ వచ్చింది. నడుమ కావ్య ఫొటో, కింద ‘మా విద్యార్థిని’ అని. తీసేయమని రేణుకమ్మ పోయి అడిగితే, తన ఎర్ర పెన్ను పడకుంటే కొలువు వచ్చేదా అని ఆమెనే ఎదురు అడిగాడు.

ఆ సాయంత్రం కావ్య బస్సు దిగి, తల్లి తునికాకు కత్తిరించే కత్తెర తీసుకుని వచ్చింది. తన ఫొటో మేరకు కోసుకుని పోయింది.

సారు ఆ ఫ్లెక్సీ తీయలేదు. మిగిలిన అక్షరాల్లో తప్పేమీ లేదని వచ్చేపోయేవాళ్లకు చూపిస్తున్నాడు.