ఇన్‌స్పెక్టరు వచ్చిన మధ్యాహ్నం

గుడివాడ మిషన్ బడిలో మేమిద్దరమే మేస్టర్లం. మాలో ఒకరికి హెడ్మాస్టరు పదవి రావాలి. నేను నెల రోజులు కూర్చుని కొత్త పటాలు గీశాను. పెద్ద మేస్టారు మాత్రం పాఠం కాగానే ప్రార్థన చేసుకుని, కుర్చీలో వెనక్కి వాలి కునుకు తీసేవారు.

బందరు నుంచి ఎండన పడి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు ఆయన్ని అలాగే చూశారు. లేపి, "ఇన్నేళ్లలో ఏం సాధించారండీ?" అని అడిగారు.

"నేనేం సాధించలేదండీ. కావలసిందంతా ప్రభువే చేసిపెట్టాడు. అలిసిపోయి వచ్చారు, కూర్చోండి," అన్నారు పెద్ద మేస్టారు.

ఇన్‌స్పెక్టరు కూర్చున్నారు, నిద్రపోయారు. నేను బెత్తం పట్టుకుని పటం ముందు సాయంత్రం దాకా నిలబడ్డాను.

లేచాక ఇన్‌స్పెక్టరు బడి ప్రశాంతంగా ఉందని మెచ్చుకుని, పదవి పెద్ద మేస్టారికే రాసిచ్చారు.

పెద్ద మేస్టారు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "నువ్వు చెయ్యి తమ్ముడూ, నాకు తీరిక లేదు," అని కళ్లు మూసుకున్నారు.

ఆ మాటలో వెటకారం ఉందేమోనని ఇప్పటికీ వెతుకుతున్నాను.