పొట్టివేలి కలం

మొన్న ఆదివారం మా పెద్దనాన్న మునిమనవరాలు వచ్చి నా బల్ల మీద ఒక కొత్త ఫౌంటెన్ పెన్ను పెట్టి, చూసి చెప్పమంది. జపానులో చేసిందట, ఫోనులో చూసి తెప్పించుకుందట. లోపల సిరా ఊగడం బయటికి కనిపించేలా దానికి గాజులాంటి ఒళ్లు. ఆ అమ్మాయి ట్రియోలే ఊళ్లో ఒక బడిలో తెలుగు టీచరు. కలాల గురించి ఈ ద్వీపంలో నాకంటే తెలిసినవాడు లేడని మా వాళ్లందరూ అనుకుంటారు. అలా అనుకునేలా చేసింది నేనే. నా దగ్గర మూడు వందల కలాలున్నాయని నలభై ఏళ్లుగా పెళ్లిళ్లలో, కర్మలలో, బస్సులలో చెబుతూ వచ్చాను. ఈసారి నిజమే రాద్దామని కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను: ఉన్నవి అరవై ఒకటి. వాటిలో రాసేవి ఇరవై. మిగతావి నాలాంటివే, మూత తీయనంతవరకు బాగానే కనిపిస్తాయి.

కలాన్ని ఎంచే పద్ధతి మాత్రం నాకు నిజంగానే తెలుసు. ఇంగ్లీషు, ఫ్రెంచి అక్షరాలు ఒక పక్కకి వాలి పరుగెడతాయి. మన అక్షరం ఉన్నచోటనే తిరిగి తిరిగి వస్తుంది, అందుకని పాళీ నాలుగు వైపులకీ సాఫీగా కదలాలి. ఏ కలం చేతికి వచ్చినా ముందు "శ్రీ" రాస్తాను. ఆ చుట్టు పైకి లేచేటప్పుడు పాళీ కాగితాన్ని గీరిందంటే ఆ కలం నాకొద్దు. మా రాజధాని పోర్ట్ లూయీలో కలాల దుకాణం నడిపే చీనా ముసలాయన నేను నత్తల బొమ్మలు గీస్తున్నాననుకుని చాన్నాళ్లు నవ్వుకున్నాడు. పాత కలమైతే ఇంకో సంగతి చూసుకోవాలి. బంగారు పాళీ కొన రాసేవాడి చేతికి తగ్గట్టు ఏళ్ల తరబడి అరుగుతుంది. పాత కలం తెచ్చుకోవడమంటే ఎవరిదో చేతివాటం తెచ్చుకోవడమే. ఆ పిల్ల జపాను కలంతో శ్రీ రాశాను. నీళ్ల మీద రాసినట్టు నడిచింది. అయినా పెద్దరికం కోసం కొంచెం మొహం చిట్లించి, "కొత్తది గదా, దీనికింకా మనిషి చెయ్యి తెలియదు" అన్నాను.

ఆ పని అయ్యాక ఆమె సంచిలోంచి గుడ్డలో చుట్టిన నోటుపుస్తకం ఒకటి తీసింది. ఆ అట్ట చూడగానే గుర్తుపట్టాను. మా పెద్దనాన్న రామభజన పుస్తకం అది. బెల్ ఎయిర్‌లోని ఆయన ఇంటికి రంగులు వేయిస్తుంటే అల్మారా వెనక దొరికిందట. దాన్ని చూసి మళ్లీ చేత్తో రాసి, ఆ పాటలు బడిపిల్లలకి నేర్పాలని ఆమె ఆశ. కొత్త కలం అందుకే. తిప్పి చూపించింది. నలభై రెండు పాటలు నల్లసిరాతో, లావుగా, గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. నలభై మూడో పాట సగందాకా అలాగే నడిచింది. ఆ తర్వాత ఒకటిన్నర వరుస నీలిసిరా, ముక్కలు ముక్కలుగా, పిల్లి నడిచినట్టుగా. ఆపైన అన్నీ తెల్లకాగితాలు.

"కి ఫిన్ అరివే, తాతా? ఇక్కడ ఏమి జరిగింది?" అని అడిగింది. బడిలో నేర్చుకున్న తెలుగు ఆమెది, ఒక్కో మాటా ఇస్త్రీ చేసి పెట్టినట్టుంటుంది. "మిగిలిన పాటల రాగాలు మందిరంలో అందరికీ వచ్చు. మాటలే ఎవరికీ రావు."

కళ్లు పోయాయమ్మా ఆయనకి, అన్నాను. మరి ముత్తాత కలం ఏదని అడిగింది. రిపేరులో పోయింది అన్నాను. ఇరవై ఆరేళ్ల వయసులో చెప్పిన అబద్ధాన్ని ఎనభై దాటాక కూడా, ఒక్క మాట మార్చకుండా, అంతే తేలిగ్గా చెప్పేశాను.

మా పెద్దనాన్న బెల్ ఎయిర్ మందిరంలో భజన నడిపించేవాడు. మాటలన్నీ ఆయనే పాడేవాడు, వెనక జనం రాగం అందుకుని రామా రామా అనేవారు. ఆయన తాత తెలుగు తీరం నుంచి ఈ ద్వీపానికి చెరకు పనికి ఓడలో వచ్చినప్పుడు చేతిలో తెచ్చుకున్నది చిన్న మూట, నోట్లో తెచ్చుకున్నవి అరవై పాటలు. అరవై అని పెద్దనాన్నే అనేవాడు, ఈ అంకె నేను పెంచింది కాదు. ఆయన కుర్రవాడుగా ఉన్నప్పుడు చెరకు కత్తి జారి కుడి చూపుడు వేలు రెండు కణుపుల మేర తెగిపోయింది. అందుకని కలాన్ని బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య ఇరికించి, ఆ పొట్టివేలిని దాని వీపు మీద ఆనించి, పాళీని దాని ఎడమ అంచు మీదికి పడుకోబెట్టి రాసేవాడు. చూసేవాళ్లకి కలాన్ని జోకొడుతున్నట్టు ఉండేది. అది నల్లరబ్బరు కలం, పక్కన సిరా పీల్చే చిన్న మీట, వెడల్పాటి బంగారు పాళీ. సుయాక్ ఊళ్లో ఒక ముసలి పంతులుగారు పోయే ముందు ఆయనకి ఇచ్చి వెళ్లారు.

చదవడం, రాయడం వచ్చినవాళ్లకి, ఏ భాషలోనైనా సరే, ఓటు ఇస్తామని దొరలు ఒప్పుకున్న ఏడాది పెద్దనాన్న ముందుగది సాయంత్రాలు నిండిపోయేది. చెరకు కొట్టి కాయలు కాచిన చేతులు పలకల మీద ఓనమాలు దిద్దేవి. పలకకి అలవాటైన చెయ్యి ఆఫీసరు ఎదుట కాగితం మీద వణక్కూడదని, ఆఖరి వారం అందరికీ తన కలమే ఇచ్చి పేరు రాయించాడు. ఆ కలం మూడు వందల మందికి ఓటు తెచ్చిందని నేను సభల్లో చాలాసార్లు చెప్పాను. పెద్దనాన్న చెప్పింది పందొమ్మిది మంది. ఆ పందొమ్మిది బరువైన చేతుల కింద పాళీ వంకరపోయి, తిరిగి తన చేతి దారికి రావడానికి ఏడాది పట్టిందట. ఆ తర్వాత దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. మా ఇంట్లో ఆయన తర్వాత తెలుగు రాయగలిగినవాణ్ని నేనొక్కణ్నే. ఈ మాట గుర్తుంచుకోండి, నేను మరిచిపోవాలని చాలా ప్రయత్నించాను.

స్వతంత్రం వస్తోందనగానే భయపడి దొరల్లో కొందరు ఓడలెక్కి ఆస్ట్రేలియాకీ, మరెక్కడికో వెళ్లిపోవడం మొదలుపెట్టారు. నేను అప్పుడు పోర్ట్ లూయీలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాని. వెళ్లేవాళ్లు పియానోలు, అల్మారాలు, కుక్కలు వదిలిపెట్టి పోతుంటే వాళ్ల సొరుగుల్లోని కలాలు నా దగ్గరికి చేరేవి. ద్వీపం మా వాళ్లకి, కలాలు నాకు, అని ఆఫీసులో ఎగిరేవాణ్ని. ఒక పెద్ద జడ్జీ నా భుజం తట్టి తన కలం నా జేబులో పెట్టాడని చెబుతుంటాను. పెట్టింది ఆ జడ్జీ డ్రైవరు, తట్టింది నా భుజం కాదు, జాగ్రత్తగా పట్టుకోమని నా మోచెయ్యి.

ఆ రోజుల్లోనే ఒక శనివారం పెద్దనాన్న బెల్ ఎయిర్ నుంచి బస్సులో నా ఆఫీసుకి వచ్చాడు. కలాన్ని రుమాల్లో చుట్టి తెచ్చాడు. రుమాలంతా నల్లగా ఉంది. "ఒరే, నా ప్లిమ్ కారిపోతోందిరా. పాట సగంలో ఉంది. తొందరగా చేయించు" అన్నాడు. ప్లిమ్ అంటే ఇక్కడి క్రెయోల్ భాషలో కలం. చూడగానే నాకు తెలిసింది, లోపలి రబ్బరు సంచి కుళ్లింది, అంతకు మించి ఏమీ లేదు. బజారు పక్కన గడియారాలు బాగుచేసే అతను అరగంటలో కొత్త సంచి తొడిగి ఇచ్చేశాడు. ఆ అరగంటా పాళీని నా చేతిలోనే పెట్టుకుని ఎండకి తిప్పి చూస్తూ కూర్చున్నాను. తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు.

నా దగ్గరున్న కలాలన్నీ దొరలవి, మన చెరకు మనుషుల చేతిలో అరిగినది ఒక్కటైనా పదిలంగా ఉండాలి, పెద్దనాన్న తర్వాత దాన్ని ఏ పిల్లవాడో పారేస్తాడు, అందుకే దాచాను అని ఒక కారణం ఉంది. వినడానికి చాలా బాగుంటుంది. ఆ కారణం నాకు తట్టింది అరవయ్యో ఏట. ఆ రోజు నాకు కావాల్సింది ఆ బంగారు పాళీ, అంతే.

మరుసటి ఆదివారం బెల్ ఎయిర్ వెళ్లి, మెరిసే ఉక్కు మూత ఉన్న సరికొత్త కలం ఒకటి నీలిసిరాతో నింపి ఆయన చేతిలో పెట్టాను. అప్పటికి అదే ఫ్యాషను, పాళీ అంతా తొడుగు కింద దాగి కొన మాత్రం చీమ తలంత కనిపించేది. పాతది ఇక పనికిరాదన్నారని చెప్పాను. ఆయన కొత్త కలాన్ని పక్కన పెట్టి, పనికిరాకపోయినా సరే తెచ్చివ్వు, ఇంట్లో ఉంచుకుంటాను అన్నాడు. విడిభాగాలకని రిపేరు అతను ఉంచేసుకున్నాడన్నాను. పెద్దనాన్న తన పొట్టివేలిని ఆ ఉక్కు మూత మీద ఆనించి చూసుకున్నాడు.

ఆ కొత్త కలం కొన ఎక్కడుందో ఆయనకి కనిపించేది కాదు. నున్నటి ఒళ్లు పొట్టివేలి కింద దొర్లిపోయేది. ఆ ఒకటిన్నర వరుస రాయడానికి ఒక మధ్యాహ్నం పట్టిందని పెద్దమ్మ తర్వాత చెప్పింది. పెన్సిలుతో రాయమంటే, భజనలో చేతుల చెమటకి చెరిగిపోతుందని ఒప్పుకోలేదట. ఆయన కళ్లు పోయాయని ఊరంతా అనుకున్నారు. ఆదివారాలు వచ్చి కూర్చోరా, నేను పాడతాను నువ్వు రాద్దువుగాని అని రెండుసార్లు కబురుపెట్టాడు. ఆఫీసులో పని అన్నాను. స్వతంత్రం వచ్చే ముందు గుమాస్తాలకి తీరిక ఉండదని, కాగితాలన్నీ నా చేతి మీదుగానే నడుస్తున్నాయని చెప్పి పంపాను. నా చేతి మీదుగా నడిచింది పోస్టు రిజిస్టరు. ఆయన నా చొక్కా జేబు వైపు చూస్తాడేమోనని నా భయం.

వెళ్లక తప్పనిది ఒకసారి వచ్చింది, ఆయన మంచాన పడ్డాడని తెలిసినప్పుడు. మధ్యాహ్నం, పెద్దమ్మ వనీలా టీ పోస్తోంది, పక్కింటి రేడియోలో కొత్త జెండా రంగుల గురించి ఎవరో చెబుతున్నారు. పెద్దనాన్న దిండుకి చేరగిలబడి ఉన్నాడు. నా ప్రమోషను గురించి, నా కలాల గురించి నేను ఆపకుండా చెబుతున్నాను, అప్పటికే వంద ఉన్నాయని కూడా అన్నాను. ఆయన కళ్లు మూసుకుని వింటూ, ఏదో మామూలు సంగతి అడిగినట్టు అడిగాడు.

"నా ప్లిమ్ నీకు బాగా రాస్తోందా?"

"వెన్నలా నడుస్తోంది పెద్దనాన్నా" అనేశాను.

గొప్పలు చెప్పే నోరు అది, నా కోసం ఆగలేదు. పెద్దమ్మ టీ పోస్తున్నదల్లా ఆగి, ఏ ప్లిమ్ అని అడిగింది. "ఏదో వాళ్ల ఆఫీసు సంగతిలే" అని పెద్దనాన్నే జవాబు చెప్పాడు. ఆమె లోపలికి వెళ్లాక నా వైపు తిరగకుండానే, "పోన్లే. ఎక్కడో ఒకచోట రాస్తోంది గదా" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కలం నాకు ఒక్కరోజు కూడా రాయలేదు. తెచ్చుకున్న రాత్రే శ్రీ రాసి చూశాను, పాళీ కాగితాన్ని చీల్చింది. ఎన్ని సిరాలు మార్చినా, ఎన్ని కాగితాలు మార్చినా గీరడమే. ఎడమ అంచు మీద అరిగిన పాళీ మామూలు చేతికి లొంగలేదు. "రాయడం లేదు పెద్దనాన్నా" అని నిజం చెప్పి ఉంటే, అయితే ఇలా నాకిచ్చెయ్యి అనేవాడు. ఆ తర్వాత ఆయన ఏడు వారాలు బతికాడు. కుడిచెయ్యి చివరిదాకా బాగానే ఉంది. రాయకుండా మిగిలిపోయినవి ఒక సగం పాట, పదిహేడు పాటలు. దొంగతనం చేశాక కూడా ఒక దారి మిగిలింది, దాన్ని నా డాంబికంతో నేనే మూసేశాను.

జెండా ఎగిరిన రోజు షాన్ డె మార్స్ మైదానంలో జనం మధ్య ముందువరసలో నిలబడ్డానని మా పిల్లలకి చెబుతాను. ఆ రోజు నేను బెల్ ఎయిర్‌లో పెద్దనాన్న కర్మలో ఉన్నాను. జెండాని పక్కింటి రేడియోలో విన్నాను. అప్పుడు మందిరం వాళ్లు వచ్చి భజన చేశారు. నలభై మూడో పాట సగందాకా పుస్తకం చూసి పాడారు, ఆపైన రాగం మాత్రం సాగింది, మాటలున్నచోట రామా రామా అని నింపుకున్నారు. ఇప్పటికీ అలాగే నింపుకుంటున్నారు.

ఆ పిల్ల వెళ్లిన మర్నాడు పొద్దున నేను అడుగు సొరుగు తెరిచాను. ఆ కలాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెడితే ఎప్పటిదో నల్లసిరా కొంచెం కొంచెంగా దిగింది. సిరా నింపి శ్రీ రాశాను, గీరింది. అప్పుడు ఏం తోచిందో, కీళ్లనొప్పుతో ఎలాగూ వంగిపోయిన చూపుడు వేలిని ఇంకా లోపలికి మడిచి, నడిమి వేలికీ బొటనవేలికీ మధ్య కలం ఇరికించి, ఎడమ పక్కకి పడుకోబెట్టాను. లావుగా, గుండ్రంగా శ్రీ పడింది. నా దస్తూరీ కాదు, ఆయనది. ఇన్నేళ్లలో ఇంత చిన్న ఉపాయం నాకు తట్టలేదు. తట్టనివ్వలేదేమో. ఆ ఊపులో పాట రాయబోయాను. ఒక్క వరుస గుర్తురాలేదు. రామా అని రాసి ఆగాను.

వచ్చే ఆదివారం ఆమె మళ్లీ వస్తుంది. కలం ఇచ్చేసి, ఈ కాగితాలు కూడా చేతిలో పెడతాను. రాసింది ఇచ్చాక కొత్త అబద్ధం చెప్పడానికి వీలుండదు, నా సంగతి నాకు తెలుసు. పాత కలాలు ఎంతకాలమైనా సొరుగులో పడి ఉంటాయి, నీళ్లు పోస్తే మళ్లీ రాస్తాయి. పాడి రాయించేవాడు మాత్రం ఏడు వారాలే ఆగాడు.