మేయరు వదిన, కొండ మీది మోటారు

పొద్దున్న మా వీధిలో నీళ్ల టాంకరు హారన్ మోగేసరికి కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈ వయసులో హారన్‌కి ఉలిక్కిపడటం పెద్ద వింతేం కాదు. కానీ టాంకరు వినపడితే నాకు మా వదిన గుర్తొస్తుంది. వదిన గుర్తొస్తే ఆ రోజంతా అన్నం సహించదు.

వదిన అంటే మా అన్నయ్య భార్య. గాజువాకలో బడిపంతులమ్మ. కార్పొరేటరు సీటు ఆడవాళ్లకి కేటాయించారని పార్టీవాళ్లు ఆవిణ్ణి నిలబెట్టారు. గెలిచింది, ఏ ముహూర్తం కలిసొచ్చిందో ఏకంగా విశాఖపట్నం మేయరూ అయింది. సంతకం ఆవిడది, పెత్తనం తనది అనుకున్న అన్నయ్య నాలుగు జతల తెల్లబట్టలు కుట్టించుకుని, మొదటిరోజే వెళ్లి ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. వదిన అటెండర్‌ని పిలిచి ఆ కుర్చీని వరండాలో వేయించింది. "ఓట్లు నాకేసినారు. నువ్వు బయట కూకో, టీ పంపుతాను" అంది. అన్నయ్య ఆ టీ తాగుతూనే రెండు నెలలు అలిగాడు. వీధులూడ్చేవాళ్లకి చేతి తొడుగులు వచ్చేదాకా తన గదిలో ఏసీ వెయ్యనివ్వలేదు వదిన. చేపలమ్మే ఆడవాళ్లకి మరుగుదొడ్లు కట్టించింది. అన్నిటికన్నా పెద్ద పంతం కొండవాలు ఇళ్లకి కుళాయి నీళ్లు. అక్కడ టాంకరే దిక్కు, అది ఎవరి గుమ్మం ముందు ఆగాలో టాంకర్ల వాళ్లే తేల్చేవారు. వదిన పైకి పైపులు వేయించి, కింద మోటారు పెట్టించి, నీళ్లెక్కిన రోజునే టాంకర్లు ఆపించేసింది. కొండ మీది ఆడవాళ్లు ఆవిడకి పసుపు రాసి, బొట్టు పెట్టి పంపారు.

సరిగ్గా నడివేసవిలో ఆ మోటారుకి పంపుని తిప్పే ఇరుసు, అదే షాఫ్టు, విరిగింది. కంపెనీ నుంచి కొత్తది రావడానికి మూడు వారాలన్నారు. టాంకర్ల వాళ్లని పిలిస్తే, మీకు కుళాయిలున్నాయి కదా అన్నారు. ఆటోనగర్‌లో ఇనుము చెక్కే లేతు మిషను పెట్టుకున్న నేను, ఎవరూ అడక్కుండానే ముందుకొచ్చాను. "నాను సేసిత్తాను వదినా, రెండ్రోజులు సాలు" అన్నాను. కొత్త ఇనుము కంటే రోడ్డు మీద దెబ్బలు తిన్న లారీ యాక్సిలే గట్టిదని మా ఆటోనగర్ వాళ్ల నమ్మకం. పాత యాక్సిల్ ఒకటి తెచ్చి లేతు మీద షాఫ్టుగా చెక్కాను. ఒకచోట వెంట్రుకంత గీత కనపడింది. గరుకు కాగితంతో రుద్దితే పోయింది. గీత పోయినా పగులు లోపలే ఉండొచ్చని ముప్పై ఏళ్ల పనివాడికి తెలియదా? తెలుసు. మేయరు మరిదినన్న పొగరు కళ్లు మూసేసింది. "పగులేటీ నేదు గదా మరిదీ?" అని వదిన అడిగింది కూడా. లేదన్నాను.

బిగించిన మూడోరోజు మిట్టమధ్యాహ్నం నా షాఫ్టు విరిగి, పంపునంతా చీల్చేసింది. ఇక బాగుచెయ్యడానికేమీ మిగల్లేదు. వదిన రాత్రిదాకా ఫోన్లు పట్టుకుని అందరినీ బతిమాలింది. కొండ మెట్ల మీద బిందెలే బిందెలు. వాటిలో ఒక బిందెతో జారిపడిన ముసలావిడ నడుం విరిగి, మళ్లీ మంచం దిగలేదు.

"ఆ షాఫ్టు ఎవుడు సేసినాడు?" అని కౌన్సిల్ మీటింగులో ఒకాయన అరిచాడు. చూడ్డానికొచ్చినవాళ్ల బెంచీ మీద నేనున్నాను. వదిన నా వైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకుంది. "పెట్టమన్నది నాను. నన్నడగండి" అంది. లేవాలనుకున్నాను. పిరికి వెధవని, అలాగే కూర్చున్నాను. పదిరోజుల్లో ఆవిడ రాజీనామా చేసింది, టాంకర్లు మళ్లీ కొండెక్కాయి. చేతకాని మేయరన్న పేరు మాత్రం ఆవిడకి అలాగే ఉండిపోయింది.

ఇన్నేళ్లకి, కిందటివారం వెళ్లి, "పేపరోళ్లకి అంతా సెప్పేత్తాను వదినా" అని ఏడ్చాను. ఆవిడ వంకాయలు తరుగుతూనే, "ఇప్పుడు సెప్తే ఎవులింటారు మరిదీ? ఆ ముసల్ది పోయింది. అప్పుడు అరిసినోల్లూ అన్నీ మర్సిపోయినారు" అంది. కోపంగా అన్నా బాగుండేది.

ఆ కౌన్సిల్ రోజు తర్వాత దేవుడు నాకు చాలా ఏళ్లిచ్చాడు, ఆ బెంచీ మీంచి లేచి నిలబడాల్సిన ఒక్క నిమిషాన్ని మాత్రం మళ్లీ ఇవ్వలేదు.