ఫోటో కింది స్క్రూలు

“...నేను నొక్కింది నీళ్లు! నీళ్లకు చిప్స్ వస్తే, చిప్స్ నొక్కితే ఏమొస్తది, పెట్రోలా?”

“నొక్కుడు రాక మిషన్‌ని తిడితే ఎట్ల? నాలుగు నొక్కి ఒకటి నొక్కాలె.”

“నొక్కిన! నీ ముందర్నే నొక్కిన గద. నీ కండ్లు యాడున్నయి, ఫోన్లనా?”

సమద్ స్కూటర్‌కి స్టాండు వేస్తూ ఈ మాటలు విన్నాడు. చేతిలో చిప్స్ ప్యాకెట్ పట్టుకుని అరుస్తున్నవాడు బైకు మీద వచ్చిన కుర్రాడు. బదులిస్తున్నవాడు ఆ పెట్రోల్ పంపులో లెక్కలు చూసే ధనుంజయ్. ఇద్దరి మధ్యా అద్దాల తలుపుతో, బీరువా అంత ఎత్తున మిషన్ నిలబడి ఉంది. లోపల ఇనుప స్ప్రింగుల మధ్య నీళ్ల సీసాలు, బిస్కెట్లు, చిప్స్. పక్కన అంకెల బటన్లు.

“అగో, డాక్టర్ వచ్చిండు” అన్నాడు ధనుంజయ్. “సమద్ భాయ్, జల్ది సూడు. పొద్దుగాల సంది తిట్లు తింటున్న.”

సమద్‌ది బోధన్. శక్కర్‌నగర్ వెనక సందులో ఇల్లు. ఫ్రిజ్‌లు, కూలర్లు, వాషింగ్ మిషన్లు బాగుచేస్తాడు. ఈ మిషన్ హైదరాబాద్‌లో ఏదో ఆఫీసులో వాడి వదిలేసినది. బోధన్ రోడ్డు మీద పంపు పెట్టినప్పుడు దాని యజమాని వెంకటసుబ్బారావు ఈ మిషన్‌ని కొని తెచ్చాడు. దించేటప్పుడే బటన్ల పలకను లోపల పట్టుకునే బోల్టులు విరిగిపోతే, సమదే ముందువైపు నుంచి నాలుగు స్క్రూలు బిగించాడు. అప్పటినుంచి ఈ మిషన్ బాధ్యత అతనిదే.

తాళం తీసి తలుపు తెరిచాడు. లోపల పరీక్ష కోసం ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే స్ప్రింగులు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతాయి. నీళ్ల సీసా స్ప్రింగు తిరిగింది. చిప్స్‌ది తిరిగింది. అన్నీ తిరిగాయి. వైర్లు ఒక్కొక్కటీ లాగి చూశాడు. ఏదీ వదులు లేదు. ఎలుక కొరికిందేమో అనుకున్నాడు కానీ కొరుకుడు గుర్తు కనిపించలేదు.

“లోపల ఏం లేదు” అన్నాడు తలుపు మూస్తూ.

“మరి యాడుంది?”

“బయట.”

తలుపు మూశాక సమద్ మొదటిసారి మిషన్ ముఖాన్ని తేరిపార చూశాడు. దసరా వెళ్లి వారం కాలేదు. అద్దం మీద మూడు పసుపు గీతలు, మధ్యలో కుంకుమ. వాడిన బంతిపూల దండ పైనుంచి వేలాడుతోంది. బటన్లకు కూడా ఒక్కోదానికి ఒక్కో బొట్టు. మూడో నంబరు దగ్గర పసుపు కాస్త ఎక్కువ పడి, తడిగా బటన్ అంచులోకి దిగి, అక్కడే ఎండిపోయింది. వేలితో నొక్కాడు. అది అప్పటికే లోపలికి దిగి ఉంది, పైకి రావడం లేదు. అందుకే మొదటి అంకె ఏది నొక్కినా, రెండోది నొక్కేలోపే మిషన్ దానికి మూడు చేర్చుకుంటోంది. నాలుగు నొక్కి ఒకటి వెతికేలోగా నలభై మూడు అయిపోతోంది. నలభై మూడంటే చిప్స్.

పలక విప్పి వెనకనుంచి కడిగితే సరిపోతుంది. పెద్ద పని కాదు. సమద్ సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. కింది రెండు స్క్రూలు విప్పాడు. పైవాటి కోసం చెయ్యి ఎత్తి, అక్కడే ఆపేశాడు.

పై రెండు స్క్రూల మీద అమ్మవారి ఫోటో అతికించి ఉంది. సింహం మీద కూర్చున్న దుర్గమ్మ. అరచేతి కంటే కొంచెం పెద్దది. నాలుగు అంచులూ గమ్‌తో గట్టిగా అంటుకుని ఉన్నాయి. దాని మీద పసుపు, కుంకుమ, రెండు అక్షింతలు.

సమద్ చెయ్యి దించి వెనక్కి చూశాడు. డీజిల్ పోయించుకుంటున్న ట్రాక్టరు. గాలి పట్టించుకుంటున్న కారు. బైకు కుర్రాడు వెళ్లలేదు. చిప్స్ తింటూ అక్కడే నిలబడి ఉన్నాడు. ఈ మధ్య ఎదుటివాళ్ల బండి మీద ఏ స్టిక్కర్ ఉందో చూడటం సమద్‌కి అలవాటైంది. ఈ బండి మీద ఏమీ లేదు. ఏమీ లేకపోతే ఏమనుకోవాలో అతనికి తెలియదు.

“ధనుంజయ్, నువ్వొకసారి ఈ ఫోటో తియ్యవా?”

“నేనా?” ధనుంజయ్ రెండడుగులు వెనక్కి వేశాడు. “ఓనరమ్మ తన చేతితోని పెట్టింది. నేను ముట్టినంక రేపు పంపుల ఏదన్న అయితే? అసలే మా ఇంట్ల ముట్టుడు ఉన్నది, మా పెదనాయన పోయి పదిరోజులు కాలే.”

“నేను ఎట్ల తీస్తనే?”

“స్క్రూడ్రైవర్ పెట్టి లేపు. గంతే.”

“గంతే” అన్నాడు సమద్.

ఎవరో స్క్రూడ్రైవర్ పెట్టి అమ్మవారి ఫోటో లేపుతున్నట్టు అతనికి కళ్ల ముందు కనబడింది. ఆ ఎవరో తనలాగే నెరిసిన గడ్డంతో, నల్లటి టోపీ జేబులో పెట్టుకుని ఉన్నాడు.

సమద్ తండ్రి ఖాసిం చక్కెర ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ఫిట్టరు. దసరాకు ముందురోజు లేత్ మిషన్లన్నీ కిరోసిన్‌తో కడిగేది ఖాసిమే. పూజ అయ్యాక పని పడితే, మిషన్ మీది పటాన్ని రెండు చేతులతో తీసి అలమరలో పెట్టి, పని కాగానే మళ్లీ అక్కడే పెట్టేవాడు. అన్నం గిన్నె మూత తీసినంత మామూలుగా తీసేవాడు. ఎవరూ చూసేవారు కాదు. చూసినా, అది చూడవలసిన విషయమని ఎవరికీ తోచేది కాదు. సమద్ కూడా మొన్నమొన్నటిదాకా అలాగే చేశాడు. ఎన్ని ఇళ్లలో, ఎన్ని దుకాణాల్లో ఫ్రిజ్‌ల మీది పటాలు ఎత్తి పక్కన పెట్టాడో అతనికే గుర్తులేదు.

కిందటి సంవత్సరం అతని తమ్ముడి కొడుకు యాసిన్ రేడియం స్టిక్కర్ల దుకాణం ముందు కూర్చుని ఒక ఆటో వెనక పాత స్టిక్కరు గోకుతున్నాడు. రంగు వెలిసిన దేవుడి బొమ్మ అది. గోకి కొత్తది వెయ్యమన్నది ఆటో యజమానే. పక్కనుంచి ఎవరో ఫోన్లో తీశారు. ఊరంతా తిరిగిన ఆ వీడియోలో గోకడం వచ్చింది, యజమాని చెప్పిన మాట రాలేదు. సాయంత్రానికి దుకాణం ముందు జనం. ఆటో యజమాని వచ్చి, నేనే గోకమన్నానని గొంతు పోయేలా చెప్పాడు. ముందున్నవాళ్లు విన్నారు. వెనకున్నవాళ్లు రాళ్లు వేశారు. యాసిన్ ఇప్పుడు నాందేడ్‌లో అత్తగారింట్లో ఉన్నాడు. దుకాణం తెరవలేదు.

అప్పటినుంచి సమద్ భార్య కనీజ్ ఒకే మాట పట్టుకుంది. రోజూ అతను సంచి తీసుకుని బయలుదేరుతుంటే గుమ్మంలో నిలబడి చెబుతుంది: పటం ఉంటే వాళ్లతోనే తీయించు, నువ్వు ముట్టకు.

సమద్ ఫోన్ తీసి వెంకటసుబ్బారావు భార్య సుబ్బరత్నానికి చేశాడు.

“ఏంటి సమదూ, బాగైందా?”

“అయితదమ్మా. బటన్ల పలక ఇప్పాలె. దాని మీద అమ్మవారి ఫోటో ఉంది.”

“ఆ, నేనే పెట్టాను. దానికేముంది, తీసెయ్. మళ్లీ పెట్టుకుంటాలే.”

“మీరొకసారి వస్తరా అమ్మా?”

“ఫోటో తియ్యటానికి నేను రావాలా? నేను రుద్రూర్ నుంచి బయల్దేరాను, చెల్లెలి ఇంట్లో భోజనం. ఎండ మండిపోతోంది.”

సమద్ ఫోటో వైపు చూశాడు. “గమ్ గట్టిగ పట్టింది” అన్నాడు. “చినిగితే బాగుండదు.”

“సరే, దారే కదా, వస్తున్నాను. అంతదాకా ఒక సీసా చల్లగా ఉంచు” అందామె.

సమద్ మిషన్‌కి దూరంగా, గాలి పట్టే చోట బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టాడు. మళ్లీ ఆలోచించి సంచి జిప్పు కూడా మూశాడు.

“చాచా!” బైకు కుర్రాడు ఫోన్ పట్టుకుని మిషన్ ముందుకు వచ్చాడు. “శ్రావణ్ నా పేరు. రీల్స్ చేస్త. ‘నీళ్లడిగితే చిప్స్ ఇచ్చే మిషన్’ అని పెడ్త. మీ పంపుకు ఫ్రీ పబ్లిసిటీ.”

“వద్దు తమ్మీ.”

“మిమ్మల్నేం అనను చాచా. మిషన్‌నే అంట. మీరు వచ్చి జర గీ స్క్రూ ఇప్పినట్టు చెయ్యుండ్రి, మస్తుంటది.”

“నా మొహం రానియ్యకు.”

“సిగ్గా?” కుర్రాడు నవ్వాడు. “మా బాపు గిట్లనే. ఫోటో అంటే గోడ చాటుకు పోతడు.”

మంచి కుర్రాడే అనిపించింది సమద్‌కి. యాసిన్‌ని తీసినవాడు కూడా మంచి కుర్రాడే అయ్యుంటాడు. సరదాకే తీసి ఉంటాడు. నాలుక అంగిటికి అంటుకుపోయింది. మిషన్ నిండా నీళ్ల సీసాలున్నాయి. అయినా లేచి అటు వెళ్లలేదు. రోడ్డు మీద వచ్చే ప్రతి కారునూ సుబ్బరత్నం కారేమో అని చూశాడు. ఆమెది కాదని తెలిశాక కూడా, అది పంపులోకి తిరుగుతుందేమో, ఎవరు దిగుతారో అని చూశాడు.

ఆమె వచ్చేసరికి ట్రాక్టరు వెళ్లి, పనివాళ్లను ఎక్కించుకున్న ఒక వ్యాను వచ్చి ఆగింది. సుబ్బరత్నం కారు దిగి, కొంగుతో మెడ తుడుచుకుంటూ మిషన్ దగ్గరికి నడిచింది.

“ఎక్కడ పట్టింది నాయనా అంత గట్టిగా? ఇదేగా?”

చెప్పులు విడిచి, ఫోటోకి దణ్ణం పెట్టుకుని, గోటితో ఒక మూల లేపింది. వచ్చింది. ఇంకో మూల లేపింది. వచ్చింది. “చూశావా? వట్టి పుణ్యానికి పిలిచావు” అని నవ్వుతూ లాగింది. ఫోటో మధ్యకు చిరిగింది. సింహం పలక మీదే ఉండిపోయింది. అమ్మవారి ముఖం ఆమె చేతిలోకి వచ్చింది.

“అయ్యో తల్లీ!”

ఆ అరుపుకి వ్యానులోంచి దిగుతున్నవాళ్లు ఇటు తిరిగారు. సమద్ అప్పుడే సంచి తెరిచి స్క్రూడ్రైవర్ తీసుకుని ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. చేతిలోది ఎక్కడ పెట్టాలో తెలియలేదు. సంచి దూరంగా ఉంది. జేబులో పెడితే దాచినట్టు ఉంటుంది. పట్టుకుని ఉంటే పట్టుకున్నట్టు ఉంటుంది.

“ఏమైందమ్మా?” వ్యాను మనిషి ఒకతను దగ్గరికి వచ్చాడు. చిరిగిన బొమ్మ చూశాడు. తర్వాత సమద్ గడ్డం చూశాడు. తర్వాత చెయ్యి చూశాడు. “ఎవలు చింపిండ్రు?”

“నేనే” అంది సుబ్బరత్నం. “పాడు చెయ్యి. లాగితే చిరిగిపోయింది.”

“గీయన మెకానికా?”

“అవును. మా సమదే. ఎన్నేళ్లనుంచో చేస్తున్నాడు.”

“ఓ” అన్నాడతను. వెళ్లిపోలేదు. ఇంకో ఇద్దరు వచ్చి అతని వెనక నిలబడి, ఏమైందని అడిగారు. అతను ఏం చెప్పాడో సమద్‌కి వినపడలేదు. వాళ్లు మిషన్‌ని కాకుండా తనను చూస్తున్నారని మాత్రం తెలిసింది.

సుబ్బరత్నం మిగిలిన ముక్కను కూడా గీకి తీసి, రెండు ముక్కలూ కళ్లకద్దుకుని పర్సులో పెట్టుకుంది. “గోదాట్లో కలుపుతాను. కందకుర్తి వెళ్లినప్పుడు. ఇంక చెయ్యి నాయనా నీ పని.”

సమద్ పై స్క్రూలు విప్పాడు. ఒక స్క్రూ జారి కింద పడింది. ధనుంజయ్ వంగి తీసిచ్చాడు. పలక చేతికి రాగానే వెనక్కి తిప్పి, మూడో బటన్ ఊడదీసి, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో పసుపంతా తుడిచాడు. గుడ్డ ఎర్రగా, పచ్చగా అయింది. దాన్ని చెత్తడబ్బా వైపు తీసుకెళ్లబోయి ఆగాడు. మడతపెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. స్పిరిట్ తడి ఛాతీకి చల్లగా తగిలింది.

పలక బిగించాక సుబ్బరత్నమే నాలుగు నొక్కి, ఒకటి నొక్కింది. నీళ్ల సీసా దబ్బున పడింది.

“అయిపోయె!” అన్నాడు ధనుంజయ్. “నా తిట్లు ఖతం.”

శ్రావణ్ చప్పట్లు కొట్టాడు. “చాచా, మొత్తం తీసిన. మస్తు వచ్చింది.”

“ఏం తీసినవ్?” అన్నాడు సమద్.

“మిషన్ మంచిగైంది. సీసా పడ్డది.”

“దానికంటే ముందటిది?”

“కొద్దిగ ఉంది. కట్ చేస్తలే చాచా” అని కుర్రాడు బైకు ఎక్కాడు. సమద్ ఒక అడుగు ముందుకు వేసి, చెయ్యి ఎత్తి, దించుకున్నాడు. బైకు బోధన్ వైపు తిరిగింది. వ్యాను కూడా బయలుదేరింది. కిటికీలోంచి ఒక ముఖం వెనక్కి చూస్తూ వెళ్లింది.

సుబ్బరత్నం పంపు ఆఫీసులోకి వెళ్లి ఇంకో ఫోటో తెచ్చింది. అదే సింహం, అదే అమ్మవారు. దసరాకు కట్టగా తెప్పించిన వాటిలో మిగిలింది. వెనక గమ్ రాసి తడి ఆరకముందే సమద్ ముందుకు చాపింది.

“ఇదిగో, ఈసారి నువ్వే పెట్టు. ఎక్కడ పెడితే నీ స్క్రూలకి అడ్డం రాదో నీకే కదా తెలుసు.”

సమద్ రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకున్నాడు. వంగి సంచి భుజాన వేసుకున్నాడు.

“అమ్మా, తాళంచెవి ధనుంజయ్‌కి ఇస్తున్న. నిజామాబాద్‌ల బాలనర్సయ్య అని ఉన్నడు, మంచిగ చేస్తడు. నంబర్ పంపిస్త. ఈ మిషన్ పనికి ఇగ నేను రాను.”