మాట ఆగిన చోట ప్రభువు నిలిచాడు

సహోదరులారా, ఈ వేళ మీ ముందు నోరు విప్పుతున్నానంటే అది నా ధైర్యం కాదు, దేవునికే మహిమ! నా పేరు కెజియా, మాది రేపల్లె దగ్గర చెరుకుపల్లి. చిన్నప్పటి నుంచీ నాకు నత్తి, నా పేరులోని మొదటి అక్షరమే గొంతులో ఇరుక్కుపోయేది. లెక్కలు మాత్రం ప్రభువు దండిగా ఇచ్చాడు. బాపట్లలో ఇంజనీరింగ్ చదివి, షేర్ల వ్యాపారం చేసే కంపెనీలో క్వాంట్ డెవలపర్ కావాలని, అంటే ధరల కదలికను లెక్కగట్టి కంప్యూటరే కొని అమ్మేలా ప్రోగ్రాములు రాయాలని ఎంతో ఆశపడ్డాను.

కానీ ఆ ఇంటర్వ్యూల్లో జవాబు రాసిస్తే చాలదు, ఆలోచన పైకి చెబుతూ లెక్క చేయాలి! మొదటి ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో జరిగింది. పేరు అడిగారు, నా గొంతు బిగుసుకుపోయింది. అవతలి ఆయన "హలో, నెట్ ఆగినట్టుందండి" అని కాల్ పెట్టేశారు. అయ్యో, ఆగింది నెట్ కాదు, నేను! ఆయన మళ్లీ చేస్తే ఎత్తలేదు. పుస్తకాలు మూసేశాను, మందిరానికి రావడమూ మానేశాను, "బుర్ర ఇచ్చి నోరెందుకు కట్టేశావు ప్రభువా" అని ఏడ్చాను.

సంగతి తెలిసి, తెనాలిలో ఉండే మా పెద్దమ్మ మార్తమ్మ నన్ను పిలిపించింది.

"ఆ లెక్కలేవో నాకు చెప్పవే."

"నీకేం అర్థమవుద్ది పెద్దమ్మా?"

"అర్థం కాకపోతే ఏంటంట? చెవులున్నాయిగా!"

ఇక వారం వారం రేపల్లెలో రైలెక్కి వెళ్లి, ఇంటర్వ్యూల్లో అడిగే పాచికల లెక్కలూ, ప్రోగ్రాము ఎక్కడ నెమ్మదిస్తుందో ఎందుకు నెమ్మదిస్తుందో, అన్నీ ఆమెకు చెప్పేదాన్ని, ఆమె మునగాకు దూస్తూ వినేది. నా మాట ఇరుక్కుంటే అందరిలా తాను పూర్తి చేసేది కాదు, చెయ్యి ఆపి నా ముఖంలోకే చూస్తూ ఉండేది. తర్వాత నా తలపై చెయ్యి పెట్టి, "తండ్రీ, నత్తి తీస్తే నీకు స్తోత్రం, తీయకపోయినా స్తోత్రమే, బిడ్డలో ఈ భయం మాత్రం ఉంచొద్దయ్యా" అని ప్రార్థించేది.

మరో కంపెనీ పిలిచింది. పెద్దమ్మ ఇంట్లోనే లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. నాణెం ఎగరేస్తూ పోతే వరసగా రెండుసార్లు బొమ్మ పడటానికి సగటున ఎన్నిసార్లు వేయాలని అడిగారు. జవాబు తెలుసు, నోరు మళ్లీ బిగిసింది. అప్పుడు, సహోదరులారా, ఎలా చెప్పను! నా గుండె వణకలేదు! ఆ నిశ్శబ్దంలో ఎవరో నా పక్కన వచ్చి కూర్చున్నట్టు ఎంత నెమ్మది! "నాకు నత్తండి. మాట ఆగింది గానీ ఆలోచన ఆగలేదు, కాస్త టైమివ్వండి" అని నేనే అన్నాను, అన్నది నేనేనా అని ఆశ్చర్యపోయాను. "తొందరేం లేదమ్మా, చెప్పండి" అన్నారు. ఆగుతూ, తడబడుతూ, మొత్తం లెక్క చెప్పాను. ఆ ఉద్యోగం నాకిచ్చారు!

నత్తి పోలేదు, మీరే వింటున్నారుగా! పోయింది భయం. మీలో ఎవరికైనా ప్రార్థన గొంతు దాటి రాకపోతే సిగ్గుపడకండి, సగం మాటతోనే ఆయన దగ్గరికి రండి. మిగతా సగం ఆయనకు ముందే తెలుసు. ఆమేన్.